ఆగిన గుర్రానికి నాలుగు తప్పులు

వర్జీనియాలో లౌడన్ కౌంటీ తూర్పు కొసన ఆష్‌బర్న్ ఉంది. అక్కడ డేటా సెంటర్లూ, వాటి చుట్టూ మనవాళ్ళ ఇళ్ళూ. పడమరగా మిడిల్‌బర్గ్ దారి పడితే అరగంటలో పచ్చిక బయళ్ళు, చెక్క కంచెలు, గుర్రాలు మొదలవుతాయి. అక్టోబరులో ఒక ఆదివారం అటువైపు ఓ గుర్రాలశాలలో జరిగిన జంపింగ్ పోటీకి ఇద్దరు వియ్యంకులు వచ్చారు. ఒకాయన ఒంగోలు ప్రాంతంలో పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంకొకాయన నరసరావుపేటలో లెక్కలు చెప్పిన మేష్టారు. మేష్టారి కూతురే డాక్టరుగారి కోడలు. కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటూ, నలభై దగ్గర పడ్డాక గుర్రమెక్కడం మొదలుపెట్టింది. ఆ రోజు ఎనభై సెంటీమీటర్ల ఎత్తు తరగతికీ, తొంభై తరగతికీ పేరిచ్చింది. వియ్యంకుల వాదన మాత్రం పోటీకంటే ముందే మొదలైంది. పక్క కుర్చీలో కూర్చుని విన్నంతవరకూ ఇక్కడ రాస్తున్నాను.

మేష్టారు: అటు చూడండి బావగారూ. అమ్మాయి రెండు ఫెన్సుల మధ్య నడుస్తూ పెదాలు కదుపుతోంది, లెక్కపెడుతోందన్నమాట. మనిషి అంగ మూడడుగులు. అలాంటివి నాలుగేస్తే పన్నెండడుగులు, అది గుర్రం పరుగులో వేసే ఒక్క అంగ. మొదటి ఫెన్సు దూకి నేలమీద దిగడానికి మన అంగలు రెండు, రెండో ఫెన్సు ముందు ఎగరడానికి రెండు తీసేయాలి. మిగిలింది నాలుగుతో భాగించాలి. ఇరవైనాలుగు అడుగుల దూరం ఉంటే గుర్రం మధ్యలో ఒకే అంగ వేస్తుంది. ముప్ఫయ్యారుంటే రెండు. ఇది ఆటలా లేదు, తొమ్మిదో తరగతి లెక్కలా ఉంది.

డాక్టరు: లెక్క బాగానే ఉంది. గుర్రానికి ఎవరు చెప్పారు? కోర్సు చూసుకోమని మనుషుల్ని నడవనిస్తున్నారు, గుర్రాన్ని లోపలికి రానివ్వరు. తన వంతు వచ్చాకే వస్తుంది, వచ్చీ రాగానే దూకాలి. ఎన్ని ఫెన్సులున్నాయో, ఏది తర్వాత ఏదో దానికి తెలీదు.

మేష్టారు: పైన కూర్చున్న మనిషి చెబుతుంది. నేర్చుకుందే అందుకు. అయినా పొద్దున వీళ్ళ పద్ధతి బావుందని మెచ్చుకున్నది మీరే కదా!

డాక్టరు: నేను మెచ్చుకున్నది ఆఫీసు గదిని. ప్రతి గుర్రానికీ కాగిన్స్ పరీక్ష కాగితం చూశాకే దింపనిచ్చారు. గుర్రాలకి అంటు రక్తహీనత అని ఒక వైరస్ జబ్బు ఉంది. జోరీగలు మోస్తాయి. ఒకసారి పట్టిందంటే జన్మలో వదలదు, మందు లేదు. ఇంత చిన్న పోటీలోనూ ఆ కాగితం అడిగారంటే దండం పెట్టాలి. మన పశువుల సంతల్లో గాలికుంటు టీకా వేయించారా అని అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. అంతవరకూ వీళ్ళు గొప్పే. గుర్రాన్ని గంతులేయించడం వేరే సంగతి.

మేష్టారు: ఇష్టం లేకుండా గంతులేస్తుందా అంత పెద్ద జంతువు? తలుచుకుంటే ఈ మనుషుల్ని ఒక్క విదిలింపుతో విసిరేయదూ?

డాక్టరు: అదే దాని దౌర్భాగ్యం, తలుచుకోదు. నిన్న మిడిల్‌బర్గ్‌లో లైబ్రరీ ముందు కంచుగుర్రాన్ని చూశాం గుర్తుందా? తల వేలాడేసి, పక్కటెముకలు తేలి, అడుగు తీసి అడుగు వేయలేనట్టు. వీళ్ళ అంతర్యుద్ధంలో చచ్చినవీ, గాయపడినవీ, జబ్బుతో పోయినవీ కలిపి పదిహేను లక్షల గుర్రాలూ కంచరగాడిదలూ అని రాశారు దానికింద. వాటిలో ఒక్కటైనా ఎందుకు అని అడిగిందా? నడిపిస్తే నడవడం గుర్రం గుణం. దాన్ని ఇష్టం అనుకోవడం మన సుఖం కోసం.

మేష్టారు: అయితే స్నోమాన్ సంగతి చెప్పండి. అల్లుడుగారు సినిమా చూపించారు. 1956లో హ్యారీ డిలేయర్ అనే గుర్రాల మేష్టారు వేలానికి ఆలస్యంగా వెళ్తే, కబేళాకి పోయే లారీలో నాగలి దున్నిన గుర్రం ఒకటి మిగిలుందట. ఎనభై డాలర్లిచ్చి దింపించాడు. తర్వాత పొరుగాయనకి అమ్మితే అది కంచెలు దూకి ఇంటికొచ్చేసింది. ఎత్తు పెంచినా దూకి వచ్చేసింది. మూడేళ్ళు తిరక్కుండా దేశంలోకెల్లా మేటి జంపింగ్ గుర్రం అనిపించుకుంది. ఆ కంచెలు దూకేటప్పుడు దాని వీపుమీద ఎవరున్నారండీ?

డాక్టరు: ఎవరూ లేరు. అందుకే అది నా పక్షం సాక్ష్యం. అది ఇంటికి రావడానికి దూకింది. పేరుకోసమూ కాదు, దూకడంలో సరదా కోసమూ కాదు. దాణా ఉన్నచోటికి, తెలిసిన మనిషి దగ్గరికి. మీరు మధ్యలో ఫెన్సు పెట్టి అవతల ఏమీ పెట్టడం లేదు. ఇంకో ఫెన్సు పెడుతున్నారు.

(ఈ మాటకి మేష్టారు నవ్వారు గానీ జవాబివ్వలేదు. రింగులో అరవై సెంటీమీటర్ల తరగతి నడుస్తోంది. పదేళ్ళ పిల్ల ఒకతె పొట్టి గుర్రం మీద మూడో ఫెన్సు వదిలేసి నాలుగోదానికి పోయింది. గంట కొట్టి బయటికి పంపేశారు. పిల్ల ఏడవలేదు, వాళ్ళమ్మ ఏడ్చింది.)

డాక్టరు: అసలు నా బాధ వినండి. పెద్ద పోటీల్లో ఆశ గుర్రాన్ని పాడుచేస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జంపింగ్ గుర్రాలు నాలుగింటికి పరీక్ష చేస్తే క్యాప్సైసిన్ బయటపడింది. అంటే మన గుంటూరు మిరపకాయ ఘాటే. నొప్పి తెలియకుండానూ వాడొచ్చు, కాలికి రాసి గడ తగిలితే భగ్గుమనేలాగానూ వాడొచ్చు. ఎందుకు వాడినా నిషేధమే. నార్వే జట్టు కాంస్యం వెనక్కిచ్చింది. అది దొంగతనం, దొరికితే శిక్ష ఉంది. ఇక్కడ మీ అమ్మాయిలాంటి వాళ్ళు దొంగలు కారు, ప్రేమగా చూస్తారు, క్యారెట్లు పెడతారు. కానీ గుర్రానికి వీళ్ళ చేతుల్లోనే ఎక్కువ నొప్పి. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది, కళ్ళెం ఇనుము కూర్చునేది అక్కడే. ఎముక మీద పల్చటి చర్మం తప్ప ఇంకేం లేదు. ఎక్కినవాళ్ళు ఒక్క క్షణం వెనకబడితే పడిపోకుండా పట్టుకునేది పగ్గాల్నే. నాలుగు వందల యాభై కిలోల జంతువు గాల్లో ఉండగా మనిషి బరువంతా దాని నోట్లో వేలాడుతుంది. దానికి ఏ రూలు పుస్తకంలోనూ తప్పులు వేయరు.

మేష్టారు: ఆ సంగతి కనిపెట్టినవాడూ గుర్రమెక్కినవాడే. కాప్రిల్లి అని ఇటలీ సైన్యంలో అధికారి. ఆయన ముందు వరకూ దూకేటప్పుడు వెనక్కి వాలి పగ్గాలు లాగేవారట. జీను లేకుండా, మనిషి లేకుండా గుర్రం ఎలా దూకుతుందో ఆయన గమనించాడు. మెడ ముందుకు చాపి దూకుతోందని తెలిసి, మనిషే రికాబుల మీద లేచి ముందుకు వంగాలి, చేతులు గుర్రం నోటివెంట పోవాలి అన్నాడు. మొదట ఎగతాళి చేశారు. ఇప్పుడు ఈ పిల్లలంతా కూర్చునే తీరు ఆయన పెట్టిందే. తప్పు మనిషిది, దిద్దుకోవలసింది మనిషే అని నూరేళ్ళ కిందటే ఒప్పుకున్న ఆట ఇది.

డాక్టరు: ఒప్పుకుంది. నేర్చుకోవడానికి మాత్రం గుర్రం నోరే పలక.

మేష్టారు: ఎత్తు తక్కువ పెట్టింది అందుకేగా! ఎనభై సెంటీమీటర్లు అంటే మన వంటింటి గట్టు అంత కూడా లేదు. గడలు కూడా గట్టిగా బిగించినవి కావు, లోతులేని గిన్నెల్లాంటి ఇనుప కొక్కేల్లో ఆనించి ఉంటాయి, డెక్క తగిలితే దొర్లిపోతాయి. వెడల్పు ఫెన్సులకి వెనక గడ కింద ఉండే కొక్కెం బరువు పడితే ఊడి వస్తుంది, గుర్రం కాలు ఇరుక్కోకుండా. ఇంకో సంగతి. ఈ చిన్న తరగతుల్లో ఎవరు వేగంగా పోతే వాళ్ళు గెలవరు. ఇంత సమయం సరైనదని ముందే నిర్ణయించి ఆ అంకె ఎవరికీ చెప్పరు. దానికి దగ్గరగా వచ్చినవాళ్ళు గెలుస్తారు. తొందరపడితే నష్టం. ఇది దయగల లెక్క కాదా?

డాక్టరు: అది ఒప్పుకుంటాను. ఎవరో బుద్ధిమంతుడు రాసిన రూలు.

మేష్టారు: పైగా మీరు ఒక తరాన్ని మరిచిపోతున్నారు. ఒలింపిక్స్‌లో ఈ జంపింగ్‌కి ఆడవాళ్ళని 1956 దాకా రానివ్వలేదు. 1948లో స్వీడన్ జట్టు డ్రెస్సాజ్ అనే ఇంకో గుర్రపు పోటీలో బంగారం గెలిస్తే, వాళ్ళలో ఒకాయన అధికారి కాదు, సార్జంటు, పోటీల కోసం తాత్కాలికంగా పదవి పెంచారని తెలిసి మరుసటేడు పతకం లాక్కున్నారు. అమెచ్యూర్ అంటే అప్పుడు దొరబిడ్డ. ఇప్పుడు గుర్రమెక్కినందుకూ నేర్పినందుకూ డబ్బు తీసుకోని ఎవరైనా అమెచ్యూరే. ఆడా మగా ఒకే తరగతిలో దిగుతారు. నరసరావుపేట లెక్కల మేష్టారి కూతురు వర్జీనియాలో గుర్రమెక్కింది. నాకు గర్వంగా ఉండదా?

డాక్టరు: ఉండాలి. కోడలు గుర్రమెక్కిందని నేనెప్పుడైనా అడ్డుచెప్పానా? మా వాడికే భయం, ఆవిడకి లేదు.

(ఎనభై తరగతి మొదలైంది. కోడలు ఎక్కింది పదిహేడేళ్ళ గెల్డింగ్, అంటే విత్తుకొట్టిన మగ గుర్రం. పందేల్లో పరుగెత్తి, రిటైరయ్యాక ఈ పనికి వచ్చింది. ఆమె సొంతం కాదు, వారానికి మూడు రోజుల లీజు. మొదటి నాలుగు ఫెన్సులూ నిదానంగా దూకింది. ఐదోది వెడల్పు ఫెన్సు, కింద పూలపెట్టెలు. మలుపు తిరిగి వచ్చి గుర్రం దాని ముందు టక్కున ఆగిపోయింది. ఆమె మెడమీదికి జారి, జూలు పట్టుకుని నిలదొక్కుకుంది. మెడ నిమిరింది. చుట్టూ తిప్పి మళ్ళీ తెచ్చింది. ఈసారి దూకింది. మిగతావన్నీ తగలకుండా దాటింది. ఒకసారి ఆగినందుకు నాలుగు తప్పులు.)

మేష్టారు: అయ్యో! మొండికేసింది. పూలు చూసి బెదిరిందేమో.

డాక్టరు: పూలు కాదు బావగారూ. మలుపు కురచగా తిప్పింది మీ అమ్మాయి. మీ లెక్క ప్రకారం నాలుగంగలు పట్టాల్సిన చోట మూడున్నర మిగిలింది. గుర్రం అర అంగ వేయలేదు కదా. దూకితే ముందు కాళ్ళతో పెట్టెల్లో పడేది, ఈవిడ దాని కింద పడేది. ఆగింది. అది ఆమెని కాపాడింది.

మేష్టారు: అంటే తప్పు మా అమ్మాయిది! కోడలి తప్పు వెతకడం మామగారి జన్మహక్కు కదండీ.

డాక్టరు: వెతకనక్కర్లేదు, దుమ్ములో గిట్టల జాడ చూడండి. ఇంకో మాట. గుర్రం కళ్ళు పక్కలకి ఉంటాయి. వెనక పక్కల ఏం జరుగుతోందో కూడా చాలావరకు కనబడుతుంది గానీ నుదుటికి ఎదురుగా, ముక్కు కింద కనబడదు. దగ్గరికి వచ్చేసరికి ఫెన్సు దాని చూపులోంచి జారిపోతుంది. దూరం నుంచి తలెత్తి చూసింది గుర్తుపెట్టుకుని, పైన ఉన్న మనిషిని నమ్మి ఎగురుతుంది. ఎరుపు, ఆకుపచ్చ విడిగా తెలియవు, నీలం, పసుపు తెలుస్తాయి. బ్రిటన్‌లో పందెపు హర్డిల్స్‌కి మనిషి కంటికి కొట్టొచ్చినట్టుంటుందని నారింజ రంగు వేసేవారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశీలించి, గుర్రానికి అది గడ్డిలో కలిసిపోతుందని తేల్చాక తెలుపు వేస్తున్నారు. కనబడని చోటికి ఎగరమంటున్నాం. ఎప్పుడో ఒకసారి, ఇప్పుడు వద్దు అంటుంది. ఆ ఒక్కమాటకి నాలుగు తప్పులు! అంతర్జాతీయ పోటీలో అయితే రెండోసారి అంటే ఇంటికే.

మేష్టారు: ఆట అన్నాక గీత ఎక్కడో గీయాలిగా. ఆగినా తప్పులేదంటే రింగులో ఒక్క గుర్రమూ కదలదు. పైగా ఆ తప్పులు గుర్రం పేరున ఒక్కదానికే రాయలేదు. చీటీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, అంకె ఒకటే. ఎవరి వాటా ఎంతో వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి.

డాక్టరు: ఇద్దరూ తేల్చుకోరు. ఒకరి చేతిలో కొరడా ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో చూడలేదూ? పెంటథ్లాన్‌లో చీటీ తీసి ముఖపరిచయం లేని గుర్రాన్నిచ్చేవారు, ఇరవై నిమిషాల పరిచయం. స్కోరులో అందరికంటే ముందున్న జర్మనీ అమ్మాయికి వచ్చిన గుర్రం కదలనంది. ఆ పిల్ల ఏడుస్తూ కొట్టింది, కొట్టమని కోచ్ అరిచింది, తనూ ఓ గుద్దు గుద్దింది. లోకమంతా చూసింది. పారిస్ తర్వాత ఆ ఆటలోంచి గుర్రాన్నే తీసేశారు.

మేష్టారు: తీసేశారుగా! అదే నేననేది. తెలియని గుర్రాన్ని ఇవ్వడం తప్పని తెలిసింది, మానేశారు. ఇక్కడ మా అమ్మాయి రెండేళ్ళుగా అదే గుర్రాన్ని తోముతోంది, దాని డెక్కల్లో మట్టి తీస్తోంది. ఆగితే కొట్టిందా? నిజం చెప్పండి.

డాక్టరు: కొట్టలేదు. నిమిరింది. చూశాను.

మేష్టారు: నేనైతే ఒకటి తగిలించేవాణ్ణేమో. ముప్ఫై ఏళ్ళు బెత్తం పట్టిన చెయ్యి.

డాక్టరు: మీ శిష్యులు చెబుతుంటారు.

మేష్టారు: సరే, ఇప్పుడు నా వంతు. మీరు మన ఊళ్ళో బండలాగుడు పోటీలకి వెళ్ళేవారు కాదూ? రెండు పళ్ళ గిత్తలు, నాలుగు పళ్ళ గిత్తలు అని పళ్ళు లెక్కపెట్టి విభాగాలు తేల్చింది మీరే కదా? అక్కడ చర్నాకోల గాల్లో తిరుగుతుంటే మీరు పందిట్లో కూర్చుని మజ్జిగ తాగారు. వర్జీనియా వచ్చేసరికి కరుణ పుట్టిందా?

(డాక్టరుగారు కాసేపు మాట్లాడలేదు. నాకు నచ్చిన ఘట్టం ఇదే. మేష్టారు దెబ్బ కొట్టింది సరిగ్గా తగలవలసిన చోట.)

డాక్టరు: తాగాను. వచ్చే ఏడు పిలిచినా వెళ్తాను. ట్రాక్టరు వచ్చాక ఒంగోలు గిత్తతో పనేముంది? రైతు దాన్ని ఎందుకు మేపాలి? మన పశువుని తీసుకెళ్ళి బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని మందలు మందలు పెంచుకున్నారు. మన దగ్గర జాతి గిత్తకి ఇంకా పది లక్షలు పెట్టి కొనే మనిషున్నాడంటే ఆ పోటీల వల్లే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. అక్కడ గిత్త వద్దు అనాలంటే కూలబడటం ఒక్కటే దారి. కూలబడిన గిత్తల్ని లేపాను. అందుకే ఇక్కడికొచ్చినా నా కళ్ళు కాళ్ళమీదే ఉంటాయి. కరుణ కాదు, అలవాటు.

మేష్టారు: అయితే మనం ఒకే మాట అంటున్నాం. ఈ గుర్రం సంగతి చూడండి. పందేలు అయిపోయాయి, వయసు పదిహేడు. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లో మూసేశారు గానీ లారీలెక్కించి మెక్సికోకీ కెనడాకీ పంపడం ఆగలేదు. దీనికి ఆ లారీ తప్పించింది ఎవరు? నెలనెలా లీజు కట్టే కంప్యూటరు ఉద్యోగి. దాని దాణా, లాడాలు, డాక్టరు ఫీజు అన్నీ ఈ సరదాలోంచే వస్తున్నాయి. పెద్ద పోటీల వాళ్ళు దీన్ని ముట్టుకోరు. చేతకాని అమెచ్యూరే దీని దేవుడు.

డాక్టరు: అన్నం పెట్టాం కాబట్టి దూకమనడం. ఒప్పందం బాగానే ఉంది. రెండో పక్షం సంతకం మాత్రం కనబడదు.

మేష్టారు: నాలుగు తప్పులు దాని సంతకమే అనుకోండి! మీ గిత్తకి కూలబడటమే దారి అన్నారు. ఈ గుర్రం నిలబడే వద్దంది. జడ్జి విన్నాడు, కాగితం మీద రాశాడు, మీద ఉన్న మనిషి తిప్పి మళ్ళీ సరిగ్గా తెచ్చింది. జంతువు వద్దన్నదానికి పుస్తకంలో ఒక గడి ఉన్న పోటీ ఇది.

డాక్టరు: ఆ గడి పేరు తప్పు అని పెట్టారు. అక్కడే నాకు పేచీ.

(ఫలితాలు చెప్పారు. ఎనిమిదిమందిలో ఆరో స్థానం. ఇక్కడ మొదటివాళ్ళకి నీలం రిబ్బను, ఆరోవాళ్ళకి ఆకుపచ్చ. మేష్టారు దాన్ని తెచ్చి వియ్యంకుడి ఒళ్ళో పెట్టారు.)

డాక్టరు: ఆకుపచ్చా? గెలిచినదానికే తెలియని రంగు.

మేష్టారు: మీతో గెలవలేం గానీ, తొంభై తరగతికి టైమవుతోంది. అమ్మాయి ఏదీ? అదుగో, ఇటే వస్తోంది. గుర్రం జీను తీసేసిందేమిటి?

(కోడలు వచ్చి, ఎడమవైపు మలుపులో గుర్రం కాస్త కురచగా అడుగేసినట్టు అనిపించిందనీ, కోచ్ మాత్రం ఏం లేదు దిగమన్నారనీ, మామయ్యగారు ఒకసారి చూస్తారా అనీ అడిగింది. డాక్టరుగారు వెళ్ళారు. ముందు కాళ్ళు మోకాలినుంచి కిందికి తడిమారు. మోకాలి కింద కండ ఉండదు, నరాల్లాంటి స్నాయువులే. దూకి దిగేటప్పుడు భారం మొదట ఒక ముందుకాలిమీద, వెంటనే రెండోదానిమీద పడుతుంది. వేడి ఉందా, వాపు ఉందా, నొక్కితే కాలు తీసుకుంటోందా అని చూశారు. గట్టినేల మీద అటూ ఇటూ నడిపించి, పరిగెత్తించి చూశారు. గుర్రం ఆయన చొక్కా జేబు వాసన చూసింది. ఆయన తిరిగొచ్చేసరికి కోడలు ఆఫీసుకి వెళ్ళి తొంభై తరగతిలోంచి పేరు తీసేయించింది.)

మేష్టారు: ఏమన్నా ఉందా?

డాక్టరు: వేడి లేదు, వాపు లేదు. సమంగానే నడుస్తోంది.

మేష్టారు: ఏమీ లేదన్నమాట. మరి దిగొచ్చుగా? ఇంత దూరం వచ్చి, పొద్దున్నే అయిదింటికి లేచి.

డాక్టరు: నాకేమీ కనబడలేదు అన్నాను బావగారూ. ఏమీ లేదనలేదు. వీపుమీద ఉన్న మనిషికి ఏదో తెలిసింది, నా చేతికి తెలియలేదు.

మేష్టారు: అంటే అమెచ్యూర్‌కి డాక్టరుకంటే ఎక్కువ తెలిసిందని ఒప్పుకున్నట్టేనా?

డాక్టరు: మీ అమ్మాయికి తెలిసిందని ఒప్పుకున్నాను. అమెచ్యూర్ల సంగతి రేపు మాట్లాడదాం.

మేష్టారు: సరే. దిగని తరగతికి కట్టిన డబ్బు వెనక్కిస్తారేమో కనుక్కుని వస్తాను, మీరు గుర్రాన్ని పట్టుకోండి.